అస్తమించని ఎండలో ఒక మునక

"ఉత్తర ధ్రువం వైపు వేసవి సెలవులకా? అక్కడ వేసవి కూడా ఉంటుందా?" అని అడిగారు మా కాలనీలో ఆడవాళ్ళంతా. ఉంటుందండీ! ఎలాంటి వేసవి అనుకున్నారు? మే ఆఖరి వారం నుంచి జూలై మధ్య దాకా సూర్యుడు అసలు అస్తమించడు. రాత్రి పన్నెండు గంటలకు గుమ్మంలో కూర్చుని, దీపం లేకుండా బియ్యంలో రాళ్ళు ఏరుకోవచ్చు. భూమి ఒక పక్కకి ఒరిగి తిరుగుతుంది కదా! వేసవిలో ఉత్తరపు కొస సూర్యుడి వైపు వంగి ఉంటుంది. అందుకని ఆర్కిటిక్ రేఖ దాటాక ఎండ కొండల మీదుగా చుట్టూ తిరుగుతుందే తప్ప కిందికి దిగదు.

మా అమ్మాయి, అల్లుడుగారు స్టాక్‌హోంలో ఉద్యోగాలు చేస్తున్నారు. 2023లో మా వారూ నేనూ వాళ్ళ దగ్గరికి వెళ్ళాం. జూలై రెండో వారంలో అందరం కలిసి రాత్రి రైలెక్కి ఉత్తరాదికి బయల్దేరాం. పదిహేడు, పద్దెనిమిది గంటల ప్రయాణం. కిటికీ తెర వేసుకుంటేనే రాత్రి, తీస్తే పగలు! మా మనవరాలికి పదకొండేళ్ళు. అది రాత్రంతా తెర తీసి చూస్తూనే ఉంది.

వాన రాని ఊరు

మేం దిగిన ఊరి పేరు అబిస్కో. ఆర్కిటిక్ రేఖకు సుమారు రెండు వందల కిలోమీటర్లు ఉత్తరాన, స్వీడన్‌కు ఆ చివర, నార్వే సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. ఊరంటే ఊరు కాదు. ఒక స్టేషను, ఒక కొట్టు, కొన్ని ఎర్ర చెక్క ఇళ్ళు. ఎదురుగా టోర్నెట్రెస్క్ అనే సరస్సు. పొడవు డెబ్భై కిలోమీటర్లు! దక్షిణాన రెండు కొండల మధ్య ఎవరో పెద్ద గంపతో తోడేసినట్టు గుండ్రటి లోయ ఒకటి కనిపిస్తుంది. పూర్వం మంచునదులు ఒరుసుకుంటూ పోయి చెక్కిన లోయ అది. దాన్ని స్వీడన్ వాళ్ళు లాప్‌పోర్టెన్ అంటారు. అక్కడి ఆదివాసులైన సామీ జనం మాత్రం తమ భాషలో 'బాతుల లోయ' అని పిలుచుకుంటారు.

యూరప్‌లో మొట్టమొదట జాతీయ పార్కులు పెట్టిన దేశం స్వీడన్. 1909లో ఒకేసారి తొమ్మిది పెట్టారు. వాటిలో అబిస్కో ఒకటి. ఇక్కడి నుంచే 'రాజు బాట' అనే కాలిబాట మొదలై, దక్షిణాన హేమవాన్ దాకా నాలుగు వందల కిలోమీటర్ల పైన సాగుతుంది. వీపున సంచులు తగిలించుకుని నెల రోజుల పాటు ఆ దారినే నడిచేవాళ్ళున్నారు. మాకంత ఓపిక ఎక్కడిది? మేం పెట్టుకున్నది ఒక్క రోజు నడక, ఒక్క మునక.

ఈ ఊళ్ళో ఒక విచిత్రం ఉంది. ఏడాది మొత్తానికి ఇక్కడ కురిసే వాన సుమారు 300 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో 500 పైనే కురుస్తుంది కదా, అంతకన్నా తక్కువన్నమాట! కారణం కూడా అనంతపురానిదే. అక్కడ పడమటి కనుమలు మేఘాలను అడ్డుకున్నట్టు, ఇక్కడ సరిహద్దు కొండలు అట్లాంటిక్ మేఘాలను ముందే పిండేసుకుంటాయి. ముప్పై నలభై కిలోమీటర్లు పడమరకు వెళితే దాదాపు మూడింతలు వాన. అందుకే కొండల్లో నడవాలనుకునేవాళ్ళు అబిస్కోలో దిగుతారు.

ఈ రైలుదారి కథలో మన వంటింటి మనిషి ఒకావిడ ఉంది, చెప్పకుండా ఉండలేను. కిరునా గనుల ఇనుప ఖనిజాన్ని నార్వే రేవుకు చేర్చడానికి కొండల్లోంచి వేసిన దారి ఇది. 1902లో పూర్తయింది. మంచులో, చీకట్లో రాళ్ళు పేల్చే కూలీలకు వండిపెట్టడానికి కొందరు ఆడవాళ్ళు కూడా ఆ అడవుల్లోకి వచ్చారు. వాళ్ళలో ఒకావిడను 'నల్ల ఎలుగు' అనేవారట. నల్లటి జుట్టు, గట్టి మనిషి, కూలీలందరికీ ఇష్టురాలు అని చెప్పుకుంటారు. ఆవిడ చావు గురించి రకరకాల కథలున్నాయి. అబిస్కోకు పడమట టోర్నెహామ్న్ అనేచోట, రైలు పనిలో పోయినవాళ్ళ స్మశానంలో ఆవిడదిగా చెప్పే సమాధి ఉంది. శిలువ మీద 'అన్నా, నార్వే' అని మాత్రమే ఉంటుంది. దారి వేయించిన పెద్దల పేర్లు మాకెవరికీ నోటికి రాలేదు గానీ, వంటమనిషిని మాత్రం ఆ ప్రాంతం ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంది.

సంచిలో ఏం సర్దామంటే

వేసవి అన్నంత మాత్రాన మన నూలు చీరలు, పల్చటి చుడీదార్లు అక్కడ పనికిరావు. ఎండ ఉన్నప్పుడు పదిహేను, ఇరవై డిగ్రీలు ఉంటుంది. మబ్బు పట్టి గాలి తిరిగితే అరగంటలో అయిదు డిగ్రీలకు పడిపోతుంది. ఒక్క మందపాటి స్వెట్టరు కన్నా పల్చటివి మూడు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మంచిది. ఒంటికి తగిలేది ఉన్నిది ఉండాలి. తడిసిన నూలు బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. పైన గాలీ వానా ఆపే కోటు. కాళ్ళకు చీలమండ దాకా పట్టి ఉంచే బూట్లు. చేతికర్రలు రెండుంటే మోకాళ్ళు దీవిస్తాయి! ఇక దోమలు... మన కోనసీమ దోమలకు అక్కలనుకోండి. దోమల మందు, తలకు వేసుకునే జాలీ తప్పవు.

తిండి సంగతికొస్తే, తెల్లారి లేచి (తెల్లారిందని గడియారం చెప్పింది, ఆకాశం కాదు) నిమ్మకాయ పులిహోర కలిపాను. చల్లటి చోట చింతపండు పులిహోర కన్నా ఇదే మెత్తగా ఉంటుందని మా అమ్మాయి అనుభవం. గుప్పెడు వేరుశనగపప్పు ఎక్కువ వేశాం, నడకకు బలం కావాలి కదా! నువ్వుల ఉండలు, ఖర్జూరాలు, ఫ్లాస్కు నిండా అల్లం టీ. నీళ్ళ సీసాలు మాత్రం ఖాళీవే పట్టుకెళ్ళాం. మనుషులు, పశువులు లేని ఎత్తుల్లోంచి ఉరికివచ్చే సెలయేటి నీళ్ళు అక్కడివాళ్ళు దోసిలితో పట్టి తాగేస్తారు. కాచీ వడపోసీ అలవాటైన నాకు మొదటి గుక్క మింగడానికి కాస్త ధైర్యం కావలసి వచ్చింది. రెండో గుక్కకు ఏమీ అక్కర్లేదు. అంత తియ్యగా ఉన్నాయి.

రాళ్ళ లోయ

అబిస్కో నుంచి బస్సులో పడమరకు సుమారు ఇరవై కిలోమీటర్లు వెళితే లోక్తచోక్కా అనే చిన్న స్టేషను వస్తుంది. అక్కణ్ణించి కెర్కెవాగే లోయలోకి బాట. సామీ భాషలో ఆ మాటకు 'రాళ్ళ లోయ' అని అర్థం. లోయ తలాపున, సముద్రానికి సుమారు 815 మీటర్ల ఎత్తులో ఒక సరస్సు ఉంది. సామీ పేరు రిస్సయావ్రె. స్వీడన్ వాళ్ళు ట్రోల్‌షోన్ అంటారు. ట్రోల్ అంటే వాళ్ళ కథల్లో కొండల్లో ఉండే భూతం. మన మాటల్లో 'భూతాల మడుగు'! దేశం మొత్తం మీద అన్నిటికన్నా తేటైన నీళ్ళు ఇవేనని ప్రసిద్ధి. వెళ్ళడం, రావడం కలిపి పది, పన్నెండు కిలోమీటర్లు. మా మొత్తం ఆశ ఆ నీళ్ళ మీదే.

మొదట కొంత దూరం బర్చ్ చెట్ల అడవి. అడవి అంటే మన నల్లమల ఊహించుకోకండి. మంచు బరువుకు వంగి, మెలికలు తిరిగి, మన జామచెట్టంత ఎత్తే ఉంటాయి. ఇంకాస్త పైకి పోతే అవీ ఉండవు. అంతా గడ్డి, నాచు, పాకే పొదలు. తడి నేలల్లో పత్తికాయ పగిలినట్టు తెల్లటి కుచ్చులతో ఒక గడ్డి ఊగుతూ ఉంటుంది. పొడి నేల మీద ఎనిమిది రేకల తెల్లపూలు. అవి మన పొద్దుతిరుగుడు లాగే సూర్యుడి వైపు మొహం తిప్పుతాయట. ఆ ఎండ వేడికే వాటి నడుమ ఉన్న గింజ త్వరగా ముదురుతుంది. వేసవి రెండు నెలలే కదా, వృథా చేసుకోవడానికి లేదు పాపం!

ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా కరగకుండా మిగిలిన మంచు పలక, దాని మీద పాతిక దాకా రెయిన్‌డీర్లు. దోమల బాధకు, వేడికి తట్టుకోలేక అవి మంచు మీద నిలబడతాయి. మా అల్లుడుగారు చెయ్యెత్తి ఆపారు. "దగ్గరికి వెళ్ళకూడదత్తయ్యగారూ. కూనలున్నాయి, బెదిరితే మంద చెదిరిపోతుంది" అన్నారు. అవి అడవి జంతువుల్లా కనిపిస్తాయి గానీ ప్రతి జంతువుకూ యజమాని ఉంటాడు. స్వీడన్‌లో రెయిన్‌డీర్లు సామీ కుటుంబాల ఆస్తి. చెవికి పెట్టే గాటును బట్టి ఎవరివో గుర్తుపడతారు. జింక జాతుల్లో ఆడవాటికి కూడా కొమ్ములుండేది వీటికే. మగవాటి కొమ్ములు చలికాలం మొదట్లోనే రాలిపోతాయి. కడుపుతో ఉన్న ఆడవి మాత్రం ఈనేదాకా ఉంచుకుంటాయి, మంచు తవ్వుకుని మేసే చోట ఎవరూ నెట్టెయ్యకుండా! ఈ మాట విని మా అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. మా వారు వినపడనట్టు ముందుకు నడిచారు.

అక్కణ్ణించి లోయ మొదలైంది. రెండు వైపులా నిటారు కొండలు. వాటి మీంచి ఒకప్పుడు విరిగిపడిన బండలు లోయ నిండా. కొన్ని మా ఇల్లంత ఉన్నాయి. అండర్స్ రాప్ అనే స్వీడన్ భూగోళ శాస్త్రజ్ఞుడు 1950లలో ఏళ్ళ తరబడి ఈ లోయకు వచ్చి, కొండ ఎలా అరుగుతుందో కొలిచాడు. రాలే రాళ్ళు, జారే మట్టి, మంచు ఉప్పెనలు, అన్నీ లెక్కకట్టాడు. 1960లో ఆయన ప్రచురించిన ఫలితం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా కొండను మోసుకుపోయేది చప్పుడు చేసుకుంటూ పడే బండలు కావు. నీళ్ళలో ఉప్పులా కరిగి, కంటికి కనపడకుండా పోయేదే ఎక్కువ! రోజూ కాస్త కాస్తగా, ఎవరూ చూడకుండా జరిగే పనిదే పెద్ద లెక్క అని మనకు వేరే చెప్పాలా?

బండల మధ్య దారి ఉండదు. రాయి మీంచి రాయి మీదికి అడుగు చూసుకుని వెయ్యాలి. మా వారికి అరవై నాలుగు, నాకు యాభై ఎనిమిది. అరగంటకోసారి కూర్చున్నాం. మమ్మల్ని దాటుకుంటూ డెబ్భై దాటిన ఇద్దరు స్వీడిష్ ఆడవాళ్ళు చేతికర్రలతో టకటకా వెళ్ళిపోయారు. "హేయ్ హేయ్" అని పలకరించి నవ్వారు. అక్కడ నమస్కారం అంటే అదే.

నీటి అంచున

ఆఖరి ఎత్తు ఎక్కేసరికి మూడు వైపులా నల్లటి కొండగోడలు, మధ్యలో సరస్సు. రంగు ఏమని చెప్పను? నెమలి మెడలో ఒక చోట ఆకుపచ్చా కాక, నీలమూ కాక ఒక రంగు ఉంటుంది చూడండి, అది. అవతలి ఒడ్డున ఒక మంచు పలక ఇంకా నీళ్ళ మీదికి వాలి ఉంది. లోతు ముప్పై మీటర్ల పైమాటే. అంటే పది అంతస్తుల మేడ మునుగుతుంది. అయినా అడుగున రాళ్ళు కనిపిస్తాయి. ఇంత తేటదనం ఎందుకంటే, వచ్చేవి కరిగిన మంచు నీళ్ళు. వాటిలో నాచు పెరగడానికి పోషకాలు దాదాపు ఉండవు. చుట్టూ రాళ్ళే గనక మురికి పట్టేంత మట్టీ లేదు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మాది కోనసీమలో కాలవ గట్టు ఊరు. ఆరేళ్ళ వయసులో అరటి బోదె పట్టుకుని ఈత నేర్చుకున్నాను. ఎనిమిదేళ్ళకు మా అన్నయ్యలతో పందెం వేసి అవతలి గట్టు ముట్టుకుని వచ్చేదాన్ని. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. ఆ తర్వాత "ఇంక కాలవలో దిగకూడదమ్మా" అంది నాయనమ్మ. కోపంగా కాదు, మామూలుగానే అంది. అందరిళ్ళలోనూ అనే మాటే కదా! అన్నయ్యలు మాత్రం ఈదుతూనే ఉన్నారు. నేను వాళ్ళ తువ్వాళ్ళు పట్టుకుని రేవు మెట్ల మీద కూర్చునేదాన్ని. తర్వాత పెళ్ళి, పిల్లలు. సముద్రానికి వెళ్ళినా, గోదావరి పుష్కరాలకు వెళ్ళినా చీర కుచ్చిళ్ళు పట్టుకుని మూడు మునకలు, అంతే. నలభై అయిదేళ్ళు గడిచిపోయాయి.

స్టాక్‌హోం వెళ్ళిన వారానికి మా అమ్మాయి నన్ను మునిసిపాలిటీ ఈతకొలనుకు తీసుకెళ్ళింది. మోకాళ్ళ దాకా, మోచేతుల దాకా ఉండే ఈత దుస్తులు కొంది. "నీళ్ళు నిన్ను మర్చిపోవమ్మా" అంది. నిజమే, చేతులకు గుర్తుంది! ఆ నెలంతా వారానికి మూడు సార్లు వెళ్ళాం. తర్వాత అక్కడి చెరువుల్లో పదిహేడు, పద్దెనిమిది డిగ్రీల నీళ్ళలో అలవాటు చేసుకున్నాను. అలా సిద్ధమయ్యే వచ్చాను ఇక్కడికి.

మనవరాలు తాడుకు కట్టిన థర్మామీటరు నీళ్ళలో వేసి చూసింది. "ఆరు డిగ్రీలు అమ్మమ్మా!" ఫ్రిజ్‌లో పాల గిన్నె ఉండే చల్లదనమన్నమాట. ఇలాంటి నీళ్ళలో దిగడానికి పద్ధతి ఉంది. దూకకూడదు. తల ముంచకూడదు. చల్లటి నీళ్ళు తగలగానే మనకు తెలియకుండానే ఊపిరి గట్టిగా ఎగబీలుస్తాం. అప్పుడు మొహం నీళ్ళలో ఉంటే ప్రాణాపాయమే. మొదటి నిమిషం గండం. చేతులు, మెడ తడుపుకుని, ఊపిరి నెమ్మదిగా బయటికి వదులుతూ మెల్లగా దిగాలి. ఒంటరిగా దిగకూడదు. ఒడ్డు వదిలి దూరం పోకూడదు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు ఈ సరదా జోలికి పోకపోవడమే మంచిది. నేను బయల్దేరే ముందు హైదరాబాద్‌లోనే డాక్టరుకు చూపించుకున్నాను.

అమ్మాయి ముందు, నేను వెనక. మోకాళ్ళ దాకా వచ్చేసరికి కాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. నడుము దాకా వచ్చాక గుండెలో ఎవరో తలుపు తట్టినట్టయింది. "ఊపిరి వదులు అమ్మా, వదులు" అంటోంది అది. పురిటి గదిలో దానికి నేను చెప్పిన మాటే! వదిలాను. భుజాల దాకా దిగాను. ఆపైన కాళ్ళు నేల వదిలాయి.

పది బారలు వేసి ఉంటాను. ఒడ్డుకు సమాంతరంగా, నిలబడితే నేల అందేంత లోతులో. కింద ప్రతి గులకరాయీ లెక్కపెట్టవచ్చు. నా నీడ ఆ రాళ్ళ మీద నాతోబాటు ఈదుతోంది. చర్మమంతా సూదులు గుచ్చుతున్నట్టే ఉంది గానీ, లోపల మాత్రం ఏదో పెద్ద సందడి. పెద్దగా నవ్వానట, నాకు తెలియదు. మా వారు తర్వాత చెప్పారు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ నవ్వు ఎప్పుడూ వినలేదని.

రెండు నిమిషాలు కూడా ఉండి ఉండను. బయటికి రాగానే మా వారు తువ్వాలు చాపి నిలబడ్డారు. ఒక్క మాటా అనలేదు. తువ్వాలు పట్టుకుని గట్టు మీద నిలబడటం ఆయనకు కొత్త, పట్టుకునేవాళ్ళుండటం నాకు కొత్త. బయటికి వచ్చాక కూడా కాసేపటి దాకా ఒంట్లో వేడి దిగుతూనే ఉంటుంది. అందుకని తడి బట్టలు వెంటనే మార్చి, ఉన్ని టోపీ, మేజోళ్ళు తొడిగి, అల్లం టీ తాగించారు. అప్పుడు మొదలైంది వణుకు! పులిహోర గిన్నె చేతిలో టకటకమంది. పావుగంటకు వెచ్చబడింది. అంత రుచైన పులిహోర నేనింతవరకు తినలేదు. చేసింది నేనే అయినా సరే.

జున్నుపాల కాఫీ

ముందు వెళ్ళిన ఆ ఇద్దరు పెద్దావిడలు కూడా ఈది వచ్చి పక్క బండ మీద కూర్చున్నారు. మేం నువ్వుల ఉండలు ఇస్తే, వాళ్ళు చిన్న పొయ్యి మీద మరిగించిన కాఫీ ఇచ్చారు. అందులో గట్టి చీజ్ ముక్కలు వేశారు! ఇది ఆ ఉత్తరాది అలవాటు. చీజ్ కరగదు. కాఫీ పీల్చుకుని మెత్తబడుతుంది. చెంచాతో తీసుకుని నములుతారు. దీన్ని పూర్వం ఆవు ఈనిన కొత్తలో వచ్చే పాలతో చేసేవారట. అంటే మన జున్నుపాలే! ఆ పాలతోనే స్వీడన్‌లో మన జున్ను లాంటిదే ఇంకో తీపి వంటకం కూడా ఉంది. దాని పేరుకు 'దూడ గంతులు' అని అర్థం. ఎంత ముద్దుగా ఉందో చూడండి!

ఆ బండలు, ఆ నీళ్ళు ఎవరివని అడిగాను. ఆ దేశంలో 'అందరి హక్కు' అనే పాత ఆచారం ఉంది. 1994లో రాజ్యాంగంలోకి కూడా ఎక్కింది. ఇళ్ళ ముంగిళ్ళు, పంట చేలు తప్పిస్తే ఎవరైనా ఎక్కడైనా నడవచ్చు, ఈదవచ్చు, అడవిపళ్ళు కోసుకోవచ్చు. జాతీయ పార్కుల్లో మాత్రం విడిగా నియమాలుంటాయి. దీనికి షరతు ఒకటే: ఎవరినీ ఇబ్బంది పెట్టకు, దేన్నీ పాడుచెయ్యకు. ఆ లోయలో చెత్తబుట్ట ఒక్కటీ లేదు, చెత్తా లేదు. మేమూ నిమ్మతొక్కతో సహా సంచిలో వేసుకుని తెచ్చాం. నాకు మాత్రం ఇంకో సంగతి బాగా తోచింది. రోజంతా కొండల్లో ఆడవాళ్ళు ఒంటరిగా, జంటగా ఎదురయ్యారు. "ఒక్కదానివే వచ్చావా? వెంట ఎవరూ లేరా?" అని అడిగినవాళ్ళు లేరు. అక్కడ భయపడవలసింది చలికి, నీళ్ళకు, వాతావరణానికి. మనిషికి కాదు.

ఆ వాతావరణమే మారుతోందన్నది అక్కడివాళ్ళ దిగులు. అబిస్కోలో శాస్త్రజ్ఞుల కేంద్రం ఒకటి 1913 నుంచి రోజూ ఉష్ణోగ్రత రాస్తోంది. 2006 నాటికే ఏడాది సగటు రెండున్నర డిగ్రీలు పెరిగింది. చలికాలంలో మంచుకు బదులు వాన పడి, అది గడ్డకట్టి నేల మీద గాజుపలకలా పరుచుకుంటే, రెయిన్‌డీర్లు కింద ఉన్న నాచును తవ్వుకోలేక ఆకలితో మాడతాయి. వాటినే నమ్ముకున్న సామీ ఇళ్ళ మాటేమిటి? 2025 జూలైలో ఉత్తర స్వీడన్, ఫిన్లండ్‌లలో రెండు వారాలకు పైగా విపరీతమైన ఎండలు కాశాయి. ఆ వార్త చదివినప్పుడు నాకు మంచు పలక మీద నిలబడ్డ ఆ పాతిక జంతువులే కళ్ళముందు మెదిలాయి.

మీరు వెళ్ళాలనుకుంటే

జూలై, ఆగస్టు నెలలు మంచివి. జూలై మధ్య లోపయితే అర్ధరాత్రి ఎండ చూడవచ్చు. ఆగస్టులో దోమలు తగ్గుతాయి, పళ్ళు పండుతాయి. చిత్తడి నేలల్లో యూట్రోన్ అనే పళ్ళుంటాయి. అవి పచ్చిగా ఉన్నప్పుడు ఎర్రగా, పండితే బంగారు రంగులో ఉంటాయి. కోసేముందు గుర్తుంచుకోండి! కొండల్లో ఫోను పనిచేయని చోట్లు చాలా. బస చేసిన చోట ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో చెప్పి వెళ్ళండి. ఆపదలో పిలవడానికి అక్కడా మన దగ్గర ఉన్న 112 అంకే. మబ్బు కమ్మితే సరస్సు ఎంత దగ్గరలో ఉన్నా వెనక్కి తిరగండి.

దిగి వచ్చేటప్పుడు మనవరాలిని అడిగాను, "నీకు ఈత ఎవరు నేర్పారే?" అని. "స్కూల్లో నేర్పారు అమ్మమ్మా. అందరికీ రావాలి కదా" అంది, అదేం ప్రశ్న అన్నట్టు. స్వీడన్ పాఠ్యప్రణాళికలో ఆరో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా, పిల్లవాడూ రెండు వందల మీటర్లు ఈదగలగాలి. అందులో యాభై మీటర్లు వెల్లకిలా. లెక్కలు, భాష ఎలాగో ఇదీ అలాగే. ఆడపిల్ల పెద్దదయిందని మధ్యలో ఆపే ప్రసక్తి లేదు.

మనది కాలవలు, చెరువులు, నదులు ఉన్న దేశం. ఏటా వేసవి సెలవుల్లో నీళ్ళలో పడి పోయిన పిల్లల వార్తలు చదివి కళ్ళు తుడుచుకుంటూనే ఉంటాం. మీ ఊళ్ళో ఈతకొలను ఉంటే మీ అమ్మాయిని ఈ సెలవుల్లోనే చేర్పించండి. ఆడవాళ్ళకు విడిగా వేళలు లేకపోతే నలుగురు కలిసి వెళ్ళి అడగండి. వీలయితే మీరూ దిగండి. గట్టు మీద తువ్వాలు పట్టుకుని కూర్చోవడానికి ఇంట్లో ఇంకెవరైనా ఉంటారు లెండి!